పొద్దు వాలాక నీటి ఒడ్డున

మిత్రులారా, నమస్కారం.

ఈ ప్రసంగాన్ని సాయంత్రం పెట్టమని నిర్వాహకులను అడిగింది నేనే. మాటలు పూర్తయ్యాక మనమందరం పార్కు వెనక ఉన్న చెరువు దాకా నడవబోతున్నాం. సూర్యుడు చెట్ల కిందికి దిగే వేళకు అక్కడ ఉండాలి. మనం చూడాలనుకుంటున్న చేప పగలంతా వేర్ల సందుల్లోనో రాళ్ల కిందనో ఒదిగి ఉండి, ఆ వేళకే బయటికి వస్తుంది. అందుకే గడియారం వైపు చూస్తూ మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

మంచినీటి క్యాట్‌ఫిష్, అంటే మీసాల చేప. వాలుగ, జెల్ల, మార్పు అని మనం వేరువేరు పేర్లతో పిలిచే చేపలన్నీ ఈ కుటుంబానివే. ప్రపంచం మొత్తం మీద వీటిలో 3,000కు పైగా జాతులు ఉన్నాయి. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ బతుకుతున్నాయి. ఆ మంచు ఖండంలో కూడా వీటి శిలాజాలు దొరికాయి. 2005లో థాయిలాండ్‌లో మెకాంగ్ నదిలో పట్టుబడిన ఒక మీసాల చేప 293 కిలోలు తూగింది. మరోవైపు దక్షిణ అమెరికా వాగుల్లో, ఆకుల మేట కింద, పూర్తిగా ఎదిగినా రెండు సెంటీమీటర్లు దాటనివి ఉన్నాయి. ఇంత విస్తారమైన కుటుంబం మరి. మీరు వెళ్లే పార్కులో ఒక వాగో చెరువో ఉంటే అందులో వీటిలో ఏదో ఒకటి ఉండే అవకాశం బాగానే ఉంటుంది. అయినా ఆ పార్కుకు వెళ్లి వచ్చినవాళ్లను అడగండి. పిట్టల పేర్లు చెబుతారు, జింకలను చూశామంటారు. నీళ్లలో ఏముందంటే, బురదగా ఉంది, ఏమీ కనబడలేదు అంటారు.

నేను కూడా మొదట్లో పక్షుల కోసమే తిరిగేదాన్ని. ఒక వేసవి సాయంత్రం కొంగల రాక కోసం ఒక చెరువు మెట్ల మీద కూర్చున్నాను. ఒడ్డుకు రెండు మూర్ల దూరంలో నీళ్లలో నల్లని మచ్చ ఒకటి ఉంది. కుళ్లిన ఆకుల ముద్ద అనుకున్నాను. గాలి ఇటు నుంచి అటు వీస్తోంది, ఆ మచ్చ మాత్రం గాలికి ఎదురుగా జరుగుతోంది. మెల్లగా వంగి చూశాను. అది వందల పిల్లలు. ఒక్కొక్కటి చిటికెన వేలి గోరంత. నల్లగా, తల పెద్దగా, తోక సన్నగా, కప్ప పిల్లల్లాగే ఉన్నాయి, కాకపోతే మూతి దగ్గర వెంట్రుకల్లాంటి మీసాలు. బంతిలా చుట్టుకుంటున్నాయి, విడిపోతున్నాయి, మళ్లీ చుట్టుకుంటున్నాయి. ఆ బంతి కింద, నేల రంగులోనే కలిసిపోయి, మోచేతి పొడవున్న ఒక గోధుమరంగు చేప నెమ్మదిగా చుట్లు తిరుగుతోంది. ఒక పిల్ల గుంపు దాటి పక్కకు పోయింది. పెద్ద చేప దాన్ని నోట్లోకి తీసుకుంది. తినేసిందనుకుని నా గుండె జారింది. మరుక్షణం దాన్ని గుంపు మధ్యలో వదిలిపెట్టింది.

అది బుల్‌హెడ్ అనే మీసాల చేప. గుడ్లు పెట్టిన తరువాత కాపలా కాయడం, పిల్లలు ఈదడం నేర్చాక కొన్ని వారాల పాటు వెంట తిరగడం దాని పద్ధతి. తల్లీ తండ్రీ ఇద్దరూ ఈ పని చేస్తారని తరువాత తెలుసుకున్నాను. ఆ రోజు కొంగలు వచ్చాయో లేదో నాకు గుర్తు లేదు.

ఆ సాయంత్రం తెలిసినదే ఈ రోజు మీకు చెప్పాలనుకుంటున్నాను. మీసాల చేపను వెతకడానికి దాని చోటుకు వెళ్లడం ఒక్కటే చాలదు, దాని వేళకు వెళ్లాలి, దాని ఇంద్రియాలు ఎలా పనిచేస్తాయో తెలుసుకుని వెళ్లాలి. మిగతావన్నీ ఆ తరువాతే.

చేప కన్నులను మెచ్చుకున్న భాష మనది. మీనాక్షి అని పేర్లు పెట్టుకున్నాం. కానీ చాలా మీసాల చేపలకు కన్ను చిన్నది, బతుకులో దానికి దక్కే స్థానమూ చిన్నదే. వీటి లోకమంతా రుచి, వాసన, శబ్దం. చేపకు నోట్లో మాత్రమే రుచి తెలుస్తుందని మనం అనుకుంటాం. మీసాల చేపకు మీసాల మీద, పెదవుల మీద, ఒంటి మీద, చివరికి తోక మీద కూడా రుచిమొగ్గలు ఉంటాయి. ఒక పెద్ద చేప చర్మం మీద ఇవి లక్షకు పైగా ఉంటాయి. ఒళ్లంతా నాలుకే అనుకోండి. చిమ్మచీకట్లో, బురద నీళ్లలో, పక్క నుంచి పోయే ప్రవాహంలో కొట్టుకువచ్చే ఒక పురుగు రుచిని పట్టుకుని అది దాని దగ్గరికి వెళ్లగలదు.

ఇంకో ఇంద్రియం మనకు లేనే లేదు. 1917లో పార్కర్, వాన్ హ్యూసెన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు బుల్‌హెడ్ చేపల కళ్లకు గంతలు కట్టి ఒక చిన్న పరీక్ష చేశారు. గాజు కడ్డీని దగ్గరికి తెస్తే, ఒంటికి తగిలేదాకా చేప పట్టించుకోలేదు. లోహపు కడ్డీని తెస్తే, కొన్ని సెంటీమీటర్ల దూరంలో ఉండగానే కదిలింది. నీళ్లలో మునిగిన లోహం వల్ల పుట్టే అతి స్వల్పమైన విద్యుత్తును ఆ చేప చర్మం గుర్తించింది. మట్టిలో దాగిన చిన్న ప్రాణి కండరం కదిలినా అలాంటి విద్యుత్తే పుడుతుంది. బురదలో ఏముందో అది తవ్వకుండానే తెలుసుకుంటుంది.

మూడోది శబ్దం. మన నడకను మార్చుకోవలసింది దీని కోసమే. తేనెటీగల నాట్యాన్ని చదివి 1973లో నోబెల్ బహుమతి అందుకున్న కార్ల్ వాన్ ఫ్రిష్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. చేపలకు చెవి వినబడదని ఆ రోజుల్లో పెద్దపెద్దవాళ్లే వాదించేవారు. ఆయన ఒక చూపులేని మీసాల చేపను తొట్టెలో పెంచారు. అది ఒక మట్టి గొట్టంలో దాక్కుని ఉండేది. మేత పెట్టేటప్పుడల్లా ఆయన ఈల వేసేవారు. కొన్ని రోజులకు మేత లేకుండా ఈల ఒక్కటే వేసినా అది గొట్టం వదిలి బయటికి వచ్చింది. ఈల వేస్తే వచ్చే మీసాల చేప అని 1923లో దాని గురించి రాశారు. దీని వెనక ఒక చక్కని అమరిక ఉంది. చేప పొట్టలోని గాలితిత్తికి తగిలిన శబ్దం, చిన్న ఎముకల గొలుసు మీదుగా లోపలి చెవికి చేరుతుంది. గాలితిత్తి డోలు చర్మంలా కంపిస్తుంది, ఎముకలు ఆ కంపనను మోసుకుపోతాయి.

కాబట్టి గట్టు మీద మన అడుగుల చప్పుడు దానికి తెలుస్తుంది. గుంపుగా మాట్లాడుకుంటూ, కర్రతో నేలను పొడుస్తూ, చెప్పులు ఈడుస్తూ ఒడ్డుకు చేరితే, మనం చేరేలోపే అది వేర్ల కిందికి జారిపోతుంది. ఆ తరువాత మనకు కనబడేది ఖాళీ నీళ్లే. పసిబిడ్డ పడుకున్న ఇంట్లో ఎలా నడుస్తామో అలా నడవండి. ఒడ్డుకు చేరాక కూర్చోండి. కనీసం ఇరవై నిమిషాలు కదలకండి. దోమల మందు పూసుకున్న చేతులను నీళ్లలో ముంచకండి. ఒంటి నిండా రుచి తెలిసే ప్రాణికి అది ఎలా ఉంటుందో ఊహించండి.

ఇప్పుడు చోటు సంగతి. వాగు వంపు తిరిగే చోట బయటి వైపు గట్టును ప్రవాహం కోసేస్తుంది. పైన మట్టి చూరులా నిలుస్తుంది, కింద గుహలా బోలు పడుతుంది, చెట్ల వేర్లు అందులోకి వేలాడతాయి. ముందుగా చూడవలసింది అక్కడ. తరువాత పడిపోయిన చెట్ల మొద్దులు, వంతెన స్తంభాల కింద లోతైన గుంటలు, రోడ్డు కింది తూముల నోళ్లు. తూము నోరు నాకు చాలా ఇష్టమైన చోటు. లోపల చీకటి, బయట వెలుతురు, మధ్యలో నీడ అంచు. పగలు కూడా ఒక్కోసారి ఆ నీడ అంచు దగ్గర నాలుగు మీసాలు మాత్రం బయట పెట్టి ఒక చేప నిలిచి ఉంటుంది. మీసాలు ప్రవాహంలో ఊగుతున్న నాచు పోగుల్లాగే ఉంటాయి. నాచు నీళ్లు ఎటు పోతే అటు ఊగుతుంది. మీసం మాత్రం మధ్యమధ్యలో ప్రవాహానికి అడ్డంగా కదులుతుంది. ఆ తేడా ఒక్కసారి కంటికి దొరికితే ఇక మరవరు.

చేప కనబడకపోయినా జాడలు ఉంటాయి. గాలి పీల్చే జాతులు కొన్ని ఉన్నాయి. మార్పు లాంటివి, మొప్పల పైన ఉండే కొమ్మల్లాంటి అవయవంతో గాలిని నేరుగా తీసుకుంటాయి. అవి ఉండి ఉండి పైకి వచ్చి, మూతి మాత్రం చూపించి, గుటక వేసి దిగిపోతాయి. నీటి మీద ఒక వలయం, దాని వెనక నాలుగైదు బుడగలు. అదే చోట కొంతసేపటికి మళ్లీ వస్తే, కింద ఎవరో కాపురం ఉన్నట్టే. కోరిడోరస్ అనే చిన్న జాతులు గాలిని మింగి పేగుల్లోంచి ఆక్సిజన్ తీసుకుంటాయి. దక్షిణ అమెరికాకు చెందిన కవచం చేపలు, అవీ మీసాల చేపలే, నోటితో రాళ్లను పట్టుకుని నాచును గీకి తింటాయి. పచ్చగా ఉన్న రాయి మీద గోటితో గీరినట్టు బోసి చారలు ఉంటే అది వాటి భోజనం జాడ కావచ్చు. మట్టి గట్టులో వరుసగా బొరియలు కనబడితే అవి గుడ్లు పెట్టడానికి అవి తవ్వుకున్నవి కావచ్చు.

టార్చి గురించి అందరూ అడుగుతారు. చాలా మసక వెలుతురు చాలు. నేరుగా చేప మీద వేయకండి. నీటి అంచు మీద వేసి, మెల్లగా పక్కకు జరపండి. వెలుతురు పొలిమేరలో చేప ఆకారం తేలుతుంది. అది కదలకుండా ఉంటే అక్కడే ఆగండి. పగటి పూట వెళితే నీటి మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకోండి, ఆ ఒక్క వస్తువు కింద ఉన్నదాన్ని పైకి తెచ్చి చూపిస్తుంది.

చీకట్లోనే కనబడతాయని నేను గట్టిగా అన్నాను కదా, దానికి ఒక గొప్ప మినహాయింపు ఉంది. ఫ్రాన్స్‌లో అల్బీ పట్టణం మధ్యగా టార్న్ నది పారుతుంది. నది నడుమ చిన్న గులకరాళ్ల దిబ్బ ఉంది. పావురాలు అక్కడికి నీళ్లకు దిగుతాయి. వెల్స్ అనే భారీ మీసాల చేపలు దిబ్బ అంచున నీళ్లలో పొంచి ఉండి, ఒక్కసారిగా ఒడ్డు మీదికి దూకి, పావురాన్ని పట్టుకుని మళ్లీ నీళ్లలోకి జారతాయి. వంతెన మీద నిలబడి గమనించిన పరిశోధకులు 2012లో ఆ సంగతి ప్రచురించారు. వాళ్లు చూసిన 54 దూకుళ్లలో పావు వంతు కన్నా కొంచెం ఎక్కువ ఫలించాయి. నీళ్లలో కదలకుండా నిలిచిన పావురాల జోలికి చేపలు పోలేదు, కదిలినవాటి మీదికే దూకాయి. అంటే అక్కడ కూడా దారి చూపింది నీటి కదలికే అయి ఉండాలి. ఇంతటి సంగతి తెలుసుకోవడానికి వల వేయలేదు, గాలం వేయలేదు. ఎత్తైన చోట నిలబడి ఓపికగా చూశారు. మీ పార్కులో నీటికి పైన వంతెన ఉంటే, దాని కన్నా మంచి ఆసనం మీకు దొరకదు.

స్వచ్ఛమైన నీళ్లున్న చోట్ల కథ మరింత సులువు. ఆఫ్రికాలో లేక్ మలావీ నేషనల్ పార్కు 1984 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. రంగురంగుల సిక్లిడ్ చేపల కోసం అక్కడికి ఈతగాళ్లు వెళతారు. అదే సరస్సు అడుగున కంపాంగో అనే మీసాల చేప గూడు కడుతుంది. తల్లి తన పిల్లల కోసం ప్రత్యేకంగా గుడ్లు పెడుతుంది. అవి పొదిగేవి కావు, పిల్లలకు మేత. పాలిచ్చే తల్లిని తలపించే చేప అది. ఆ సంగతి మొదట చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

2016లో అమెరికాలోని టెక్సాస్‌లో అమిస్టాడ్ నేషనల్ రిక్రియేషన్ ఏరియాలో, సున్నపురాయి గుహలోని నీళ్లలో, కళ్లు లేని తెల్లని మీసాల చేపలు రెండు దొరికాయి. మెక్సికన్ బ్లైండ్‌క్యాట్ అంటారు. అంతకు ముందు సరిహద్దుకు అవతల, మెక్సికోలో మాత్రమే దాన్ని గుర్తించారు. ఇటువైపు కూడా ఉందని దశాబ్దాలుగా వదంతులు ఉండేవి. వేలెడంత చేప. రక్తం రంగు చర్మంలోంచి లేత గులాబీగా కనబడుతుంది. పైన లక్షలమంది పడవల్లో, గాలాలతో తిరిగే చోటు అది. కాళ్ల కింద రాతి పొరల్లో ఈ చేపలు ఎన్ని తరాలుగా ఉన్నాయో!

ఫ్లోరిడాలోని బ్లూ స్ప్రింగ్ స్టేట్ పార్కులో నీళ్లు ఏడాది పొడవునా సుమారు 22, 23 డిగ్రీల దగ్గర ఉంటాయి. చలికాలంలో మానటీలు, అంటే నీటి ఆవులు, వెచ్చదనం కోసం అక్కడికి చేరతాయి. చెక్క వేదికల మీద నిలబడితే స్ఫటికంలాంటి నీళ్లలో వాటి వీపుల మీద నల్లగా అతుక్కుని ఏవో కనబడతాయి. అవి దక్షిణ అమెరికా కవచం చేపలు. మానటీ చర్మం మీది నాచును గీకి తింటున్నాయి. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అవి అక్కడివి కావు. ఇళ్లలోని అక్వేరియం చేపలుగా ఆ దేశానికి వచ్చి, సహజ జలాల్లోకి చేరినవి. మార్పు జాతి కూడా 1960లలో ఫ్లోరిడాలోకి తప్పించుకుంది. ఇప్పుడు అక్కడి చిత్తడి నేలలైన ఎవర్‌గ్లేడ్స్‌లో, బిగ్ సైప్రస్‌లో ఉంది. వాన కురిసే రాత్రుల్లో రెక్కల ముళ్లు ఊనుకుని తారు రోడ్డు మీద పాకుతూ ఒక గుంట నుంచి మరో గుంటకు పోతుంది. ఆ చేప తప్పు ఇందులో ఏమీ లేదు. అక్వేరియం తొట్టెలో పెద్దదైపోయిందని చేపను తెచ్చి పార్కు చెరువులో వదలడం దయ అనుకునేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి, చేయబోయేవాళ్లను ఆపండి. ఒక్క చేపకు మేలు చేశామనుకుంటాం, ఆ చెరువులో తరతరాలుగా ఉన్నవాటికి అది ఆఖరి ఋతువు కావచ్చు.

ఇంకో పని కూడా నాకు నచ్చదు. పార్కు చెరువుల్లో రొట్టె ముక్కలు విసిరి మీసాల చేపలను పైకి రప్పించి చూపించడం. పిల్లలు కేకలు వేస్తారు, చేపలు నోళ్లు తెరిచి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. చూసినట్టే ఉంటుంది. కానీ ఆ చేప ఏమి చేస్తుంది, ఎక్కడ పడుకుంటుంది, ఎవరిని వేటాడుతుంది, పిల్లలను ఎలా కాస్తుంది అనేవి ఒక్కటీ తెలియవు. నీళ్లూ పాడవుతాయి.

గుర్తుపట్టడం గురించి రెండు మాటలు. మీసాలున్న ప్రతి చేపా ఈ కుటుంబానిది కాదు. కార్ప్ చేపకు కూడా చిన్న మీసాలు ఉంటాయి, కానీ దాని ఒంటి మీద పొలుసులు ఉంటాయి. మీసాల చేపకు పొలుసులు ఉండవు. నున్నని చర్మమో, కొన్నింటికి ఎముక కవచమో ఉంటుంది. చాలా జాతులకు వీపు మీద, తోకకు ముందు, ఎముక లేని చిన్న కొవ్వు రెక్క ఉంటుంది. తోక చీలి ఉందా, నిలువుగా కోసినట్టుందా చూడండి. గడ్డం కింది మీసాల రంగు చూడండి. బుల్‌హెడ్ జాతుల్లో పసుపు రంగుదానికి గడ్డం మీసాలు లేతగా ఉంటాయి, గోధుమ రంగుదానికీ నల్లదానికీ ముదురుగా ఉంటాయి. ఇంత చిన్న సంగతే రెండు జాతులను విడదీస్తుంది. ఫొటో తీసి, చూసిన ప్రాణుల వివరాలు పంచుకునే ఐనేచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెడితే తెలిసినవాళ్లు సాయం చేస్తారు. ముప్పులో ఉన్న జాతుల కచ్చితమైన చోటును అది కనబడనివ్వదు కూడా.

చేత్తో మాత్రం పట్టుకోకండి. వీపు రెక్కకూ, రెండు పక్క రెక్కలకూ ముందు అంచున గట్టి ముళ్లు ఉంటాయి. చేప బెదిరితే వాటిని నిలబెట్టి తాళం వేసినట్టు బిగిస్తుంది. కొన్ని జాతులు ఆ ముల్లును కీలులో రాపిడి చేసి కిరకిరమనే చప్పుడు కూడా చేస్తాయి. వేయికి పైగా జాతుల ముళ్లలో విషం ఉంటుందని పరిశోధకుల అంచనా. గుచ్చుకుంటే భరించగలిగినంత వేడి నీళ్లలో, చర్మం కాలకుండా చూసుకుంటూ, ఆ చోటును అరగంట నుంచి గంటన్నర దాకా ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. ముల్లు విరిగి లోపల ఉంటే, వాపు పెరుగుతుంటే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. పార్కులో రాత్రి పూట ఉండడానికి అనుమతి తీసుకోండి. మొసళ్లున్న నీళ్లయితే అక్కడి సిబ్బంది లేకుండా ఒడ్డుకు వెళ్లవద్దు.

రాళ్లు ఎత్తి చూడవచ్చా అని అడుగుతుంటారు. వద్దు. ఎందుకు వద్దో చెప్పడానికి ఒక వాగు కథ చెబుతాను. నేను ఇంతసేపు మాట్లాడింది ఈ కథ దగ్గరికి రావడానికే.

అమెరికాలో గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు. అందులో ఏబ్రమ్స్ క్రీక్ అనే వాగు. 1957లో దిగువన చిల్‌హోవీ ఆనకట్ట సిద్ధమవుతోంది. గాలం వేసేవాళ్లకు ట్రౌట్ చేపలు బాగా దొరకాలంటే, వాగులోని పనికిరాని చేపలను తీసేయాలని అధికారులు నిర్ణయించారు. పనికిరాని చేపలు! ఆ మాట ఎప్పుడు చదివినా నాకు బాధ కలుగుతుంది. వాగులో రోటెనోన్ కలిపారు. కొన్ని మొక్కల వేర్ల నుంచి తీసే మందు అది. దాని ప్రభావంలో చేప ఒంట్లోని కణాలు ఆక్సిజన్‌ను వాడుకోలేవు. కిలోమీటర్ల పొడవున వాగు చచ్చిన చేపలతో నిండింది. నేషనల్ పార్కు లోపల, కాపాడవలసినవాళ్ల చేతుల మీదుగా జరిగింది ఇది.

తేలిన చేపల్లో కొన్నింటిని ఏరి సీసాల్లో భద్రపరిచారు. వాటిలో ఒక చిన్న మీసాల చేప ఉంది. పొడవు సుమారు ఏడు సెంటీమీటర్లే. 1969లో ఒక శాస్త్రవేత్త ఆ సీసాల్లోని చేపలను పరిశీలించి, ఇది ఇంతవరకు ఎవరూ గుర్తించని జాతి అని తేల్చి, పేరు పెట్టారు. ఇప్పుడు స్మోకీ మ్యాడ్‌టమ్ అంటున్నారు. పేరు పెట్టేనాటికే అది అంతరించిందనుకున్నారు. ఒక ప్రాణి లోకానికి పరిచయమైంది తన శవంతోనే.

1980లో దగ్గర్లోని మరో వాగులో, సిటికో క్రీక్‌లో, అది బతికి కనిపించింది. పేరు పెట్టిన పదకొండేళ్లకు, విషం పోసిన ఇరవై మూడేళ్లకు. 1984లో దాన్ని ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు. 1986 నుంచి సిటికో క్రీక్ నుంచి తెచ్చిన గుడ్లను తొట్టెల్లో పొదిగించి, పెంచి, ఆ పిల్లలను ఏబ్రమ్స్ క్రీక్‌లో వదలడం మొదలుపెట్టారు. ఏటేటా వదిలారు. ఒకటి రెండేళ్ల పని కాదది. ముఖానికి గాజు తొడుగు, నోట్లో గాలి గొట్టం పెట్టుకుని, చల్లని నీళ్లలో బోర్లా పడుకుని, చీకట్లో దీపంతో అడుగును అంగుళం అంగుళం వెతుకుతూ లెక్క పెట్టేవారు. చివరికి ఆ వాగులో అవి తమంతట తాము పిల్లలను కనడం మొదలుపెట్టాయి.

ఆ చేప గూడు ఎక్కడ పెడుతుందో తెలుసా? పలక రాళ్ల కింద. చదునైన రాయి, దాని కింద పిడికెడు ఖాళీ, అందులో ముత్యాల గుత్తిలా కొన్ని పదుల గుడ్లు, వాటి మీద కాపలాగా తండ్రి చేప. మ్యాడ్‌టమ్ జాతుల్లో కొన్ని, మనం పారేసిన డబ్బాలోనో సీసాలోనో కూడా గూడు పెడతాయి. వాగులో రాయి ఎత్తి, ఏమీ లేదని పక్కన పడేసి వెళ్లిపోతే, ఒక ఏటి సంతానం ప్రవాహంలో కలిసిపోతుంది. కాలు పెట్టడానికి రాళ్లు పేర్చినా, పిల్లలు ఆటగా చిన్న ఆనకట్ట కట్టినా జరిగేది అదే. పలక రాయి కనబడితే ఎత్తకండి, దాని అంచు వెంట మసక వెలుతురు వేసి చూడండి. బయటికి వచ్చిన రెండు మీసాలు కనబడితే, లోపల ఎవరున్నారో మీకు తెలిసినట్టే.

పొద్దు దిగిపోతోంది. మనం వెళ్లే చెరువుకు తూర్పు వైపున వాన నీళ్లు వచ్చి కలిసే తూము ఒకటి ఉంది, దాని పక్కన ఒరిగిన చెట్టు ఉంది. మొన్న వానకు కొత్త నీరు చేరింది, దానితో పాటు పురుగులూ కొట్టుకువచ్చి ఉంటాయి. నిన్న సాయంత్రం ఆ చెట్టు కింద బుడగలు మూడుసార్లు చూశాను, మూడూ ఒకే చోట. అయిదుగురు అయిదుగురుగా విడిపోదాం. టార్చీలు ఆర్పి ఉంచండి, నేను చెయ్యి ఎత్తినప్పుడు ఒకరు మాత్రం వెలిగించండి. చెప్పుల చప్పుడు కాకుండా, గడ్డి మీదుగా నడవండి. ఫోన్లు మూగబోయేలా పెట్టుకోండి. ఇక లేద్దాం.